పాత సెక్యూరిటీ వయొలేషన్ ఉంది, ఇప్పుడు టాప్ సీక్రెట్ క్లియరెన్స్‌కి అప్లై చేయాలి. ఎస్ఎఫ్-86 దరఖాస్తులో రాయాలా వద్దా?

నూజివీడు_రసం

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప పెద్దగా రాయను. విషయం కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

ఉత్తర వర్జీనియాలో ఉంటాను. 2016లో సిటిజన్ అయ్యాను. 2018 నుంచి ఒక డిఫెన్స్ కాంట్రాక్టర్ దగ్గర టెస్ట్ ఇంజినీరుగా చేశాను, సీక్రెట్ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసే ప్రభుత్వ అనుమతి) మీద. 2021లో రెండు సంఘటనలు జరిగాయి. మొదటిది, చేతికి స్మార్ట్ వాచీతోనే క్లోజ్డ్ ఏరియాలోకి (అలాంటి పరికరాలు తీసుకెళ్ళకూడని చోటు) వెళ్ళిపోయాను. కాసేపటికి నాకే తట్టి బయటికొచ్చి చెప్పాను. నోటిమాటగా మందలించి వదిలేశారు.

రెండోది పెద్దది. టెస్ట్ ఫలితాల టేబుల్ ఒకటి మామూలు ఆఫీసు మెయిల్లో టీమ్‌కి పంపాను. అందులో ఏ అంకెకా అంకె అన్‌క్లాసిఫైడే. కానీ రెండు కాలమ్స్ పక్కపక్కన పెడితే సీక్రెట్ అవుతుందట. మర్నాడు పొద్దున మా లీడ్ పట్టుకున్నాడు. టీమ్‌లో అందరి ల్యాప్‌టాప్‌లూ తీసుకెళ్ళారు, మెయిల్ సర్వర్ శుభ్రం చేశారు. నాకు రాతపూర్వకంగా వార్నింగ్ ఇచ్చారు, ట్రైనింగ్ మళ్ళీ చేయించారు. కొన్నాళ్ళకి వేరే కారణాలతో నేనే మానేసి కమర్షియల్ ప్రాజెక్టుల వైపు వచ్చేశాను.

ఇప్పుడు ఇంకో కంపెనీ టాప్ సీక్రెట్‌కి స్పాన్సర్ చేస్తానంటోంది. ఈఆప్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ సిస్టమ్) ఆ ఎస్ఎఫ్-86 ఫారం నింపాలి. రిక్రూటర్ (మనవాడే) ఏమంటాడంటే, "క్లియరెన్స్ రివోక్ కాలేదు కదండీ, ఎందుకు కెలుక్కోవడం, రాయకండి" అని. మా బావగారేమో ఏడేళ్ళు దాటేదాకా ఆగి అప్లై చేయమంటారు. ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

పాలమూరు_పోరడు

అన్నా, నీ రిక్రూటర్ ముచ్చట పక్కకు వెట్టు. నాకొక్కటి సమజ్ గాదు. హిల్లరీ ఇంట్ల మెయిల్ సర్వర్ వెట్టుకుంటే 2016ల కేసు లేదన్నరు. బైడెన్ గ్యారేజీల ఫైళ్ళు దొరికితే 2024ల కేసు పెట్టేది లేదన్నరు. ట్రంప్ మీద కేసు వెడితే జడ్జి కొట్టేసింది. గంత పెద్దోళ్ళకే ఏం గాలే. ఒక్క ఎక్సెల్ షీటుకు నిన్ను పట్టుకుంటరా?

కడప_కారం

పట్టుకుంటారప్పా. ప్రెసిడెంటుకి, వైస్ ప్రెసిడెంటుకి, కాంగ్రెస్ మెంబర్లకి ఈ ఫారమూ లేదు, ఈ విచారణా లేదు. ఓట్లేసి గెలిపించినారు కాబట్టి వాళ్ళకి ఆ కాగితాలు చూసే హక్కు పదవితోనే వస్తుంది. మనకి అట్లా కాదు.

నియమించిన పెద్దోళ్ళ సంగతి చూడు. సీఐఏ డైరెక్టర్‌గా చేసిన జాన్ డ్యూచ్, ఇంట్లో కంప్యూటర్ల మీద రహస్య ఫైళ్ళు పెట్టుకున్నాడని 1999లో క్లియరెన్స్ సస్పెండ్ చేసినారు. క్లింటన్‌కి జాతీయ భద్రతా సలహాదారుగా చేసిన శాండీ బెర్గర్ నేషనల్ ఆర్కైవ్స్ నుంచి కాగితాలు పట్టుకపోయినాడు. 2005లో కోర్టు 50,000 డాలర్ల జరిమానా వేసి, మూడేండ్లు క్లియరెన్స్ లేకుండా చేసింది. రహస్య నోట్సు ఇంట్లో పెట్టుకున్నందుకు పెట్రేయస్‌కి 2015లో లక్ష డాలర్ల జరిమానా, రెండేండ్లు ప్రొబేషన్. అంత పెద్ద జనరల్ కూడా కోర్టులో నిలబడి తప్పు ఒప్పుకున్నాడు.

నేను ఆర్మీ రిజర్వ్‌లో ఉండా. మా యూనిట్లో ఒక పిల్లోడు సేఫ్ తాళం వేసినాక ఎస్ఎఫ్-702 షీట్ మీద సంతకం పెట్టడం మరిచిపోయినాడు. సేఫ్ మూసే ఉండాది, ఏం పోలేదు. అయినా ఆ రాత్రి అందరినీ వెనక్కి పిలిపించి లోపల ఉన్న కాగితాలన్నీ లెక్క పెట్టించినారు.

భారతక్క

చాలా ఏళ్ళు మేరీల్యాండ్‌లో ఎఫ్ఎస్ఓగా (కాంట్రాక్టర్ కంపెనీలో సెక్యూరిటీ చూసే అధికారి) చేశాను, ఇప్పుడు రిటైరయ్యాను. ఇలాంటి రిపోర్టులు నా చేత్తో రాసినవే. కాబట్టి మీ పాత ఆఫీసులో తెరవెనక ఏం జరిగి ఉంటుందో ముందు చెబుతాను.

మీ లీడ్ ఫోన్ చేసిన రోజే ఎఫ్ఎస్ఓ ప్రాథమిక విచారణ మొదలుపెట్టి ఉంటారు. క్లాసిఫైడ్ సమాచారం బయటికి పోయిందా, పోయి ఉండొచ్చా, పోలేదని గట్టిగా చెప్పగలమా అన్నది తేల్చాలి. అది డీసీఎస్ఏకి (క్లియరెన్సులు చూసే రక్షణ శాఖ ఏజెన్సీ) వెళ్తుంది. నిబంధనలన్నీ నిస్పామ్‌లో (కాంట్రాక్టర్ల సెక్యూరిటీ నియమావళి) ఉన్నాయి. 2021 ఫిబ్రవరి నుంచి అది ఫెడరల్ రెగ్యులేషన్ కూడా అయింది, 32 సీఎఫ్ఆర్ 117. వ్యక్తి మీద విడిగా రిపోర్టు పంపాలంటే మూడింట్లో ఒకటి ఉండాలి: కావాలని నియమాన్ని ఉల్లంఘించడం, ఘోరమైన నిర్లక్ష్యం, లేదా పదేపదే అజాగ్రత్త. మీ రెండు సంఘటనలూ ఒకే సంవత్సరంలో జరిగాయి. మూడో దాని కిందికి వస్తుందా రాదా అన్నది ఆ ఎఫ్ఎస్ఓ ఎలా చూశారన్నదాని మీద ఉంటుంది. పంపి ఉంటే మీ పేరు మీద డిస్‌లో (క్లియరెన్స్ రికార్డుల డేటాబేస్) ఇన్సిడెంట్ రిపోర్టు ఉంటుంది.

చాలామందికి తెలియనిది ఇక్కడే. అడ్జుడికేటర్లు (క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా నిర్ణయించేవాళ్ళు) తేల్చేలోపు మీరు ఉద్యోగం మానేస్తే ఆ ఫైలు మూసెయ్యరు. మీరు వాళ్ళ పరిధిలో లేరు కాబట్టి అలాగే ఆపేస్తారు. ఏ కంపెనీ అయినా మిమ్మల్ని మళ్ళీ స్పాన్సర్ చేసిన రోజున అది నిద్ర లేస్తుంది. అంటే మీరు రాసినా రాయకపోయినా వాళ్ళ దగ్గర కాగితం ఉండే అవకాశం ఉంది. మీకు మాత్రం అందులో ఏముందో తెలియదు.

ఇక ఫారం సంగతి. సెక్షన్ 25లో క్లియరెన్స్ ఎప్పుడైనా నిరాకరించారా, సస్పెండ్ చేశారా, రివోక్ చేశారా అని అడుగుతారు. మీ రిక్రూటర్ చూసింది ఆ ఒక్క ప్రశ్నే. సెక్షన్ 13ఏలో ప్రతి ఉద్యోగం కిందా ఇంకోటి ఉంటుంది: గత ఏడేళ్ళలో రాతపూర్వక హెచ్చరిక గానీ, అధికారిక మందలింపు గానీ, సస్పెన్షన్ గానీ, క్రమశిక్షణ చర్య గానీ ఉందా అని. ఉదాహరణ కూడా వాళ్ళే ఇస్తారు, 'సెక్యూరిటీ పాలసీ ఉల్లంఘన' అని. మీకిచ్చింది రాతపూర్వక వార్నింగ్. సమాధానం 'అవును'. ఇందులో తర్కించడానికి ఏమీ లేదు.

రాయకపోతే ఏమవుతుంది? క్లియరెన్స్ తేల్చే గైడ్‌లైన్లలో అసలు సంఘటన గైడ్‌లైన్ కే (K) కింద ఉంటుంది, రక్షిత సమాచారం నిర్వహణ. దాచినది గైడ్‌లైన్ ఈ (E) కిందికి పోతుంది, వ్యక్తిగత ప్రవర్తన. మొదటిదానికి ఉపశమనాలు (తప్పు బరువు తగ్గించే కారణాలు) ఉన్నాయి. రెండోదానికి బయటపడే దారి చాలా ఇరుకు. పైగా తెలిసి అబద్ధం రాసి సంతకం పెడితే ఐదేళ్ళ దాకా జైలు పడే ఫెడరల్ నేరం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోకండి.

నూజివీడు_రసం

అక్కా, చాలా థాంక్స్. డిస్‌లో నా పేరు మీద ఏముందో నేను చూసుకోవచ్చా? ఏడేళ్ళు ఆగడం గురించి కూడా చెప్పండి.

భారతక్క

మీరు నేరుగా చూడలేరు. ప్రైవసీ యాక్ట్ కింద డీసీఎస్ఏకి అర్జీ పెడితే మీ రికార్డు పంపిస్తారు, కానీ టైం పడుతుంది. అది వచ్చాక ఫారం నింపుదామంటే కొత్త కంపెనీ ఆగకపోవచ్చు.

ఏడేళ్ళ సంగతి మీ బావగారు సగం కరెక్టు. 13ఏ ప్రశ్న ఏడేళ్ళకే. గైడ్‌లైన్ కేకి మాత్రం కాలపరిమితి లేదు. పాత రిపోర్టు డిస్‌లో ఉంటే పదేళ్ళయినా అడగొచ్చు. కాలం గడవడం మీకు అనుకూలించే విషయమే గానీ, ఫలానా ఏడాది దాటితే మాఫీ అని ఎక్కడా లేదు.

కేసు_కట్టలు

క్లియరెన్స్ కేసులు చూసే లా ఆఫీసులో పారాలీగల్‌ని. లాయర్ని కాను, ఇది లీగల్ సలహా కాదు. డోహా (రక్షణ శాఖలో క్లియరెన్స్ కేసులు వినే కార్యాలయం) తీర్పులు చదవడమే నా పని. పేర్లు తీసేసి ఆన్‌లైన్‌లో పెడతారు. ఎవరైనా చదువుకోవచ్చు. గైడ్‌లైన్ కే మీద ఒక పది చదివితే ఇక్కడ అడిగే ప్రశ్నలు సగం తగ్గుతాయి.

ఈ గైడ్‌లైన్లు 13, ఏ నుంచి ఎమ్ దాకా. ఇప్పుడు నడుస్తున్నవి సీడ్-4 అనే ప్రభుత్వ ఆదేశంలోవి, 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్నాయి. వీటిల్లో అప్పుల కేసులకీ తాగుడు కేసులకీ లేని ఒక చిక్కు గైడ్‌లైన్ కేకి ఉంది. అప్పు చేసినవాడు రేపు రహస్యం అమ్ముకుంటాడేమోనని ప్రభుత్వం ఊహిస్తుంది. వయొలేషన్ చేసినవాడి విషయంలో ఊహ అక్కర్లేదు, ఏ పని నమ్మి అప్పజెప్పామో ఆ పనిలోనే తేడా జరిగింది. అందుకే డోహా అప్పీల్ బోర్డు ఎప్పటినుంచో ఒకే మాట మీద ఉంది: వయొలేషన్ రుజువైన మనిషి మీద తనని మళ్ళీ నమ్మవచ్చని చూపించుకునే భారం చాలా ఎక్కువ. దానికి తోడు 1988లో ఈగన్ కేసులో సుప్రీంకోర్టు, అనుమానం ఉంటే నిరాకరించే వైపే మొగ్గాలని చెప్పింది. క్లియరెన్స్ ఎవరి హక్కూ కాదు.

అయితే నిరాశపడొద్దు. ఉపశమనాలు నాలుగున్నాయి, మీకు ఏది ఎంత పనికొస్తుందో చూద్దాం.

చాలా కాలం గడిచింది, మళ్ళీ జరిగే అవకాశం లేదు అనేది ఒకటి. మీకు నాలుగేళ్ళు దాటింది. పర్వాలేదు. కానీ ఈ నాలుగేళ్ళూ మీరు క్లాసిఫైడ్ పని చేయలేదు కదా, కాబట్టి 'అప్పటినుంచి మచ్చ లేదు' అన్న వాదనకి బలం తక్కువ. ముట్టుకోని పనిలో తప్పు చేయలేదంటే జడ్జి పెద్దగా మెచ్చుకోడు.

కౌన్సెలింగ్‌కి, ట్రైనింగ్‌కి బాగా స్పందించి ఇప్పుడు బాధ్యతగా ఉన్నారా అనేది ఇంకోటి. మీ కేసంతా దీని మీదే నిలబడాలి. ట్రైనింగ్ సర్టిఫికెట్, తర్వాత వచ్చిన అప్రైజల్స్, ఆ లీడ్ గానీ మేనేజర్ గానీ ఇచ్చే ఉత్తరం సంపాదించండి.

సరైన ట్రైనింగ్ లేకపోవడం, స్పష్టంగా చెప్పకపోవడం మూడోది. అంకెలన్నీ కలిస్తే క్లాసిఫైడ్ అవ్వడాన్ని కంపైలేషన్ అంటారు. రహస్య వర్గీకరణ మీద అధ్యక్షుడిచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ 13526లోనే ఉంది. అది మీ ప్రాజెక్టు క్లాసిఫికేషన్ గైడ్‌లో రాసి ఉందా? మీకు చెప్పారా?

నాలుగోది అనుకోకుండా జరిగి, వెంటనే రిపోర్టు చేసి, సమాచారం బయటికి పోయిన దాఖలా లేకపోవడం, అలవాటుగా కనబడకపోవడం. వాచీ విషయంలో ఇది మీకు చక్కగా సరిపోతుంది, మీరే వెళ్ళి చెప్పారు. మెయిల్ విషయంలో రిపోర్టు చేసింది మీ లీడ్, మీరు కాదు. కాబట్టి దీన్ని ఎక్కువ లాగకండి.

నూజివీడు_రసం

గైడ్‌లో చివర అనుబంధంలో ఉంది. ట్రైనింగ్‌లో ఆ పేజీ చూపించిన గుర్తు లేదు. లీడ్ కూడా "అది చాలామందికి తెలియదు" అన్నాడు.

కేసు_కట్టలు

మంచిది. ఆ మాట ఆయనే రాసిస్తే బంగారం. మీరు రాస్తే మాత్రం జాగ్రత్త. "నాకు ఎవరూ చెప్పలేదు" అని మొదలుపెట్టిన వాంగ్మూలాలు ఎన్ని తీర్పుల్లో బెడిసికొట్టాయో. ముందు "పంపింది నేను, గైడ్ చూసుకోవాల్సిన బాధ్యత నాది" అని రాసి, ఆ తర్వాత ఒక్క వాక్యంలో ట్రైనింగ్ సంగతి చెప్పండి. ఈ వరస తిరగబడితే అడ్జుడికేటర్‌కి ఎదుటివాళ్ళ మీద నెట్టేసినట్టు కనిపిస్తుంది.

ఇంకో సంగతి. "రిక్రూటర్ వద్దన్నాడు కాబట్టి రాయలేదు" అనే సాకు పనిచేయదు. గైడ్‌లైన్ ఈలో ఒక ఉపశమనం ఉంది నిజమే, సలహా విని దాచినవాళ్ళకి. అయితే ఆ సలహా ఇచ్చింది లాయరైనా కావాలి, సెక్యూరిటీ ప్రక్రియ గురించి చెప్పడమే ఉద్యోగంగా ఉన్నవాళ్ళైనా కావాలి. కమిషన్ కోసం ఫోన్ చేసేవాడు ఆ లెక్కలోకి రాడు.

పాలమూరు_పోరడు

గదైతే మంచిగ జెప్పినవ్. మరి వాచీది కూడా రాయాల్నా? అది నోటితోని అన్నరు గద, కాయితం లేదు.

కేసు_కట్టలు

నా అభిప్రాయం, ఫారంలో వద్దు. ప్రశ్న రాతపూర్వక హెచ్చరిక, అధికారిక మందలింపు గురించి. నోటిమాట కౌన్సెలింగ్ అందులోకి రాదు. అడిగినదానికి పూర్తిగా, నిజంగా చెప్పాలి. అడగనిది కుమ్మరించాల్సిన పని లేదు. ఇన్వెస్టిగేటర్ "ఇంకేమైనా ఉన్నాయా" అని అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పాలి.

భారతక్క

ఇక్కడ నేను ఒప్పుకోను. మీరు చట్టం వైపు నుంచి చూస్తున్నారు, నేను ఫైలు చదివేవాళ్ళ వైపు నుంచి చెబుతున్నాను. ఎఫ్ఎస్ఓ రిపోర్టులో 'ఇదే ఉద్యోగికి ఇదే ఏడాది ఇంకో సంఘటన' అని ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. నేనైతే రాసేదాన్ని. అడ్జుడికేటర్ ముందు ఆ వాక్యం చదివి, తర్వాత ఈయన ఫారం తెరిచి అందులో ఒక్కటే చూస్తే ఏమనుకుంటాడు? మెయిల్ గురించి రాసే కామెంట్ పెట్టెలోనే చివర ఒక లైను, "అదే సంవత్సరం వాచీతో లోపలికి వెళ్ళాను, నేనే చెప్పాను, మౌఖికంగా కౌన్సెలింగ్ ఇచ్చారు" అని. ఒక్క లైనుతో పోయేది ఏమీ లేదు.

అధికారిక మందలింపు అంటే కాగితమే ఉండాలని ఏమీ లేదు కూడా.

కేసు_కట్టలు

ఆ చివరి మాట నిజమే, అక్కడ వాదన ఉంది. నూజివీడు గారూ, దీని కోసమైనా ఒక గంట క్లియరెన్స్ లాయర్‌తో కూర్చోండి. ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గరికి మాత్రం వెళ్ళకండి, ఇది వాళ్ళ సబ్జెక్టు కాదు.

కొత్త_సిటిజన్_డల్లాస్

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాకు క్లియరెన్స్ లేదు, ఎప్పుడూ లేదు. బ్యాంకింగ్ ప్రాజెక్టులే చేశాను. ఒక క్లయింటు దగ్గర వెళ్ళిపోయేటప్పుడు నేను రాసిన స్క్రిప్టులు నా జీమెయిల్‌కి పంపుకున్నాను. వాళ్ళు పట్టుకుని డిలీట్ చేయించి, వెండర్‌కి కంప్లైంట్ పెట్టారు. ఇప్పుడు ఫెడరల్ వైపు ట్రై చేస్తున్నా. అది ప్రభుత్వ సమాచారం కాదు కాబట్టి ఈ గైడ్‌లైన్ కే నాకు వర్తించదు కదా?

కేసు_కట్టలు

వర్తిస్తుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. సీడ్-4లో అది కేవలం క్లాసిఫైడ్ గురించి కాదు, 'రక్షిత సమాచారం' గురించి. క్లాసిఫైడ్, ఇతర సున్నితమైన ప్రభుత్వ సమాచారం, కంపెనీల సొంత రహస్య సమాచారం మూడూ అందులో ఉన్నాయి. క్లయింట్ కోడ్ మూడోది. అనుమతి లేని చోట దాచడం, అనుమతి లేని పరికరంలోకి ఎక్కించడం రెండూ ఆ జాబితాలో విడివిడిగా ఉన్నాయి. వీలుంటే గైడ్‌లైన్ ఎమ్ కూడా కలుపుతారు, ఐటీ సిస్టమ్స్ వాడకం మీద.

మనవాళ్ళలో ఇది మామూలు అలవాటైపోయింది. తర్వాతి ప్రాజెక్టులో పనికొస్తుందని కోడంతా జిప్ చేసి ఇంటికి పంపుకోవడం, క్లయింట్ డాక్యుమెంట్ల మీద లోగో తీసేసి ఇంటర్వ్యూలో శాంపిల్‌గా చూపించడం. మార్కింగులు తీసేయడమనేది క్లాసిఫైడ్ వైపు ఎంత పెద్ద విషయమో తెలిస్తే ఆ పని చేయబోయినవాళ్ళ చెయ్యి ఆగిపోతుంది.

భారతక్క

దీనికి ఇంకో ముక్క కలుపుతాను. డల్లాస్ తమ్ముడూ, నీకు మాత్రమే కాదు ఇది. ఎస్ఎఫ్-86 పదేళ్ళ ఉద్యోగ చరిత్ర అడుగుతుంది. కన్సల్టెన్సీ వాళ్ళు రెజ్యూమేలో మూడేళ్ళు ఎక్కువ కలిపి, చేయని ప్రాజెక్టులు పెట్టి ఉంటే, ఆ రెజ్యూమేకీ ఈ ఫారానికీ పొంతన కుదరదు. అన్నీ సరిపోయిన మనిషికి కూడా అక్కడ దెబ్బ పడటం చూశాను. క్లయింట్ డేటా గురించి పాపం అతను అన్నీ నిజం చెప్పాడు, రెజ్యూమే గురించి అడిగేసరికి నోరు పెగల్లేదు.

పాలమూరు_పోరడు

నాది పబ్లిక్ ట్రస్టే (సున్నితమైన సర్కారు కొలువులకు చేసే విచారణ), క్లియరెన్స్ గాదు. దానికి ఎస్ఎఫ్-85పీ అనే ఫారం నింపిన. మా తానల అందరు "నాకు క్లియరెన్స్ ఉంది" అని లింక్డిన్‌ల వెట్టుకుంటరు గానీ అది వేరే, ఇది వేరే. అక్కా, డిస్కార్డ్‌ల రహస్య కాయితాలు వెట్టిన గా పోరని కేసు సంగతేంది, దాని తర్వాత రూల్స్ గట్టిగైనయా?

కడప_కారం

టెషేరా. మసాచుసెట్స్ ఎయిర్ నేషనల్ గార్డ్. 2023 ఏప్రిల్‌లో పట్టుకున్నారు, 2024 నవంబర్లో 15 ఏండ్లు పడింది. ఆ కేసులో నాకు గుచ్చుకున్నది ఆ పిల్లోడు కాదప్పా, వాని చుట్టూ ఉన్నోళ్ళు. తన పనికి అక్కర్లేని ఇంటెలిజెన్స్ చూసి నోట్సు రాసుకుంటాన్నాడని సూపర్‌వైజర్లకి ముందే కనబడింది. వద్దని చెప్పినారు. పైకి సరిగ్గా రిపోర్టు చేయలేదు. ఆఖర్న ఎయిర్ ఫోర్స్ 15 మంది మీద చర్య తీసుకునింది.

మా యూనిట్లో అప్పట్నుంచి ఏమైందంటే, "మాటతో సరిపెట్టినాంలే" అనేది పోయింది. చిన్నదైనా కాగితం మీదికి వస్తాంది. రూలు పాతదే. సీడ్-3 కింద తోటివాళ్ళ గురించి కూడా రిపోర్టు చేయాలని 2017 నుంచే ఉండాది.

హైదరాబాదీ_హరి

ఇక్కడ మన దగ్గర ఇంత చర్చే ఉండదండీ. మా నాన్నగారు కంచన్‌బాగ్ వైపు ఒక రక్షణ ల్యాబ్‌లో చేసి రిటైరయ్యారు. ఫైలు మీద ముద్ర, గేటు దగ్గర తనిఖీ, పోలీసు వెరిఫికేషన్, పైన 1923 నాటి అఫీషియల్ సీక్రెట్స్ యాక్ట్. చిన్న పొరపాటుకి మెమో, పెద్దదానికి కేసు. మధ్యలో ఇలా ఉపశమనాలు, జడ్జి ముందు వాదన అనేవి ఆయన ఎప్పుడూ వినలేదట. 2022లో ఇక్కడ మిస్సైల్ ల్యాబ్‌లో కాంట్రాక్టు ఇంజినీరుని హనీట్రాప్ కేసులో రాచకొండ పోలీసులు అరెస్టు చేశారు కదా, దాని మీద...

మోడరేటర్

హరి గారూ, భారతదేశం సంగతికి వేరే థ్రెడ్ తెరవండి, ఆసక్తికరంగానే ఉంది. ఇక్కడ అమెరికా క్లియరెన్స్ వరకే ఉందాం. అందరికీ ఇంకో మనవి: ఎవరూ ప్రాజెక్టు పేరు, సిస్టమ్ పేరు, ఆ టేబుల్లో ఏముందన్న వివరం రాయకండి. అలాంటిది కనబడితే అడక్కుండా తీసేస్తాం.

భారతక్క

మోడరేటర్ గారు భలే గుర్తుచేశారు. నూజివీడు గారూ, ఫారంలోనూ ఇంటర్వ్యూలోనూ ఇదే. ఈఆప్ అన్‌క్లాసిఫైడ్ సిస్టమ్. "ఏ రెండు కాలమ్స్ కలిస్తే క్లాసిఫైడ్ అయిందంటే..." అని వివరిస్తే మళ్ళీ ఇంకో స్పిల్ (రహస్య సమాచారం మామూలు సిస్టమ్‌లోకి జారడం) చేసినవాళ్ళవుతారు. "టెస్ట్ డేటా, కలిపినందువల్ల సీక్రెట్ స్థాయికి చేరింది, అన్‌క్లాసిఫైడ్ నెట్‌వర్క్‌లో పంపాను" అంటే చాలు. అంతకంటే లోతుగా కావాలంటే ఇన్వెస్టిగేటరే తగిన చోటు ఏర్పాటు చేస్తాడు.

మాట వచ్చింది కాబట్టి, ఇది చదివేవాళ్ళలో ఇప్పుడు క్లియరెన్స్ ఉన్నవాళ్ళ కోసం. రేపు మీ మెయిల్లోకి అలాంటిదేదైనా వస్తే డిలీట్ కొట్టకండి. అందరూ చేసే మొదటి పని అదే. డిలీట్ చేస్తే అది ఎక్కడెక్కడికి వెళ్ళిందో కనిపెట్టడం కష్టమవుతుంది, పైగా దాచడానికి చూసినట్టు ఉంటుంది. ఫార్వర్డ్ చేసి "ఇది క్లాసిఫైడా?" అని పక్కవాణ్ణి అడగకండి. మెషీన్‌ని నెట్‌వర్క్ నుంచి విడదీసి, దాని దగ్గరే ఉండి, ఎవరినైనా పంపి ఎఫ్ఎస్ఓని పిలిపించండి. ఫోన్ చేయాల్సి వస్తే "మీరొకసారి నా సీటు దగ్గరికి రావాలి" అనండి చాలు, ఏముందో ఫోన్లో చెప్పకండి. నా ఆఫీసులో ఒకాయన ఫోన్లో సబ్జెక్ట్ లైన్ మొత్తం చదివి వినిపించాడు. ఆయన ఒక్కడి కోసం నేను రెండు రిపోర్టులు రాయాల్సొచ్చింది.

కొత్త_సిటిజన్_డల్లాస్

అక్కా, ఒకవేళ నిరాకరిస్తే ఇక జీవితాంతం అంతేనా?

కేసు_కట్టలు

కాదు. కాంట్రాక్టర్ల కేసుల్లో నేరుగా 'నో' చెప్పరు. ముందు స్టేట్‌మెంట్ ఆఫ్ రీజన్స్ వస్తుంది, ఏ గైడ్‌లైన్ కింద ఏ ఆరోపణో అంశాలవారీగా. 20 రోజుల్లో ఒక్కో అంశానికీ ఒప్పుకుంటున్నారో కాదంటున్నారో ప్రమాణపూర్వకంగా జవాబివ్వాలి. కావాలంటే హియరింగ్ అడగొచ్చు, అడ్మినిస్ట్రేటివ్ జడ్జి ముందు. అడగకపోతే కాగితాల మీదే తేలుస్తారు. నా అనుభవంలో గైడ్‌లైన్ కే కేసుల్లో హియరింగ్ అడగడమే మేలు, మనిషి వైఖరి మీద ఆధారపడ్డ విషయం కాబట్టి జడ్జి మిమ్మల్ని చూడాలి. ఓడిపోతే అప్పీల్ బోర్డు ఉంది, కానీ అక్కడ కొత్త సాక్ష్యం తీసుకోరు. అంతా పోతే ఏడాది తర్వాత మళ్ళీ అప్లై చేయొచ్చు, స్పాన్సర్ దొరికితే. దొరకడమే అసలు కష్టం.

ఇదంతా మామూలు సీక్రెట్, టాప్ సీక్రెట్ వరకే. ఎస్‌సీఐ (ఇంటెలిజెన్స్ మూలాలకి సంబంధించిన ప్రత్యేక సమాచారం) యాక్సెస్ అయితే ఏజెన్సీని బట్టి పద్ధతి వేరుగా ఉండొచ్చు.

నూజివీడు_రసం

అప్‌డేట్ ఇస్తున్నాను. ఒక క్లియరెన్స్ లాయర్‌ని కలిశాను. 13ఏలో 'అవును' పెట్టాం. కామెంట్ ఐదు వాక్యాలు. వాచీ విషయంలో ఆవిడ భారతక్క పక్షమే. కేసు_కట్టలు గారూ, మీరు చెప్పిన వరస విని ఆవిడ నవ్వి, తనూ అదే చెబుతానంది.

పాత లీడ్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు, ఉత్తరం రాయడానికి ఒప్పుకున్నాడు. తన తర్వాత ఆ అనుబంధం పేజీని ట్రైనింగ్‌లో కలిపారట. ఆ సంగతి కూడా రాస్తానన్నాడు.

ఇంటెరిమ్ (తాత్కాలిక క్లియరెన్స్) రాలేదు. కొత్త కంపెనీ ఎఫ్ఎస్ఓ ముందే చెప్పింది రాదని. ఫైనల్ వచ్చేదాకా అన్‌క్లాసిఫైడ్ పని ఇస్తామన్నారు. రిక్రూటర్ మాత్రం ఫోన్ ఎత్తడం మానేశాడు.

వచ్చేవారం ఇన్వెస్టిగేటర్‌తో ఇంటర్వ్యూ ఉంది. టాప్ సీక్రెట్ కాబట్టి పాత సహోద్యోగులతో కూడా మాట్లాడతారట. వాళ్ళకి ముందే ఫోన్ చేసి చెప్పుకోవచ్చా?

భారతక్క

"నా పేరు ఇచ్చాను, ఫోన్ రావచ్చు" అనడం వరకు తప్పులేదు. ఏం చెప్పాలో మాత్రం చెప్పకండి. ఆ ఇన్వెస్టిగేటర్ వాళ్ళని మొదట అడిగేదే "ఆయన మీతో దీని గురించి మాట్లాడాడా" అని.

ట్రైనింగ్ సర్టిఫికెట్ కాపీ, వార్నింగ్ లెటర్ ఉంటే దాని కాపీ తీసుకెళ్ళండి. తేదీలు లెటర్లో ఉన్నట్టే చెప్పండి. జ్ఞాపకం మీద చెబితే నెల అటూ ఇటూ అయి, అది సర్దడానికి ఇంకో గంట పడుతుంది.

పాలమూరు_పోరడు

ఆల్ ది బెస్ట్ అన్నా. ఇంటర్వ్యూకు పోయేటప్పుడు ఆ వాచీ ఇంట్లనే వెట్టిపో.